యాంటెన్నా మీద గోళ్ళరంగు

"వచ్చింది!"

"ఉంచనా?"

"పోయింది!"

"ఎంత పోయింది?"

"పోయిందంటే పోయిందండీ. పోవడంలో మళ్ళీ ఎంతేమిటి?"

డాబా మీద, నడినెత్తిన ఎండలో, యాంటెన్నా బిగించిన పదడుగుల పైపును రెండు చేతులతో కావలించుకుని నిలబడ్డ నాకు ఒళ్ళు మండిపోయింది. మా పనిలో సగం మా చేతుల్లో ఉంటుంది, మిగతా సగం కింద టీవీ ముందు కూర్చున్న మనిషి నోట్లో ఉంటుంది. కొందరు సినిమా చూస్తూ నన్ను మర్చిపోతారు. కొందరు భోజనానికి టైమైందని, చుక్కలు తప్ప ఏమీ లేకపోయినా "సూపర్‌గా ఉంది" అనేస్తారు. ఈ అమ్మాయి రెండు రకాల్లోనూ చేరలేదు. వచ్చినంతసేపూ వచ్చిందని, పోయినంతసేపూ పోయిందని నిజాయితీగా చెబుతోంది. ఆ నిజాయితీతో నన్ను చంపుతోంది.

"మీరసలు టీవీ వైపే చూస్తున్నారా?" అని అరిచాను.

మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. డాబా గుమ్మంలో ఒక మొహం కనిపించింది. కోపంగా ఉన్న మొహం. కోపంలోనే ఇంత బాగుంటే మామూలుగా ఎలా ఉంటుందో అనుకుని, ఆ ఆలోచన వచ్చినందుకు నాలిక కరుచుకున్నాను.

"మీకు అడగడం రాదండీ," అంది.

"నాకా?"

"మా షాపులో ఇలా అడిగితే ఒక్కరికీ కళ్ళజోడు ఇవ్వలేం. నేను కళ్ళు టెస్ట్ చేస్తాను. ఎంత కనిపిస్తోంది అని అడగం. ఇది బాగుందా, ముందుది బాగుందా అని అడుగుతాం. అలా అడగండి, చెప్తాను."

చెప్పేసి, నా జవాబుతో పని లేనట్టు దిగి వెళ్ళిపోయింది.

పైపు అంగుళం తిప్పాను. "ఇదా, ముందుదా?"

"ముందుదే!"

ఇంకోవైపు తిప్పాను. "ఇదా?"

"ఇదే నయం!"

"ఇదా?"

"ఇదే! ఇదే! కదలకండి! కింద చిన్న అక్షరాలు కూడా చదివేస్తున్నా!"

ఐదు నిమిషాల్లో పనైపోయింది. పదేళ్ళ సర్వీసులో నేను కనిపెట్టలేని పద్ధతి అది. ఒప్పుకోవడానికి కాస్త కష్టంగానే అనిపించింది.

పైపును గోడకి పట్టి ఉంచే క్లాంపు బోల్టులు బిగించాక పైపు మీదా క్లాంపు మీదా కలిపి రంగుతో ఒక నిలువు గీత గీయడం నా అలవాటు. గీత ఒకటిగా ఉంటే పైపు కదలనట్టు, విరిగితే కదిలినట్టు. ఆ రోజు చూస్తే నా డబ్బాలో రంగు గడ్డకట్టుకుపోయి ఉంది. "ఏదైనా రంగుంటే ఇస్తారా?" అని అడిగితే, ఆ అమ్మాయి గోళ్ళరంగు సీసా తెచ్చింది. ఎర్రటి ఎరుపు. చిన్న బ్రష్షుతో, ఊపిరి బిగబట్టి, గీత గీశాను.

"నీటుగా గీశారు," అంది. కోపం లేని మొహం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ మాట అలా ఉంచితే, వాళ్ళ నాన్నగారు చేతి గడియారం చూసుకుంటూ పైకి వచ్చారు. ఆయన బస్సు డిపోలో టైమ్ కీపర్. ఏ బస్సు ఎన్ని నిమిషాలు లేటో, తప్పు ఎవరిదో రిజిస్టర్లో రాయడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా డ్యూటీ దిగరు.

"పదకొండింటికి వస్తానన్నావు. పదకొండూ ఇరవైకి వచ్చావు," అన్నారు.

"ట్రాఫిక్ సార్."

"అందరూ అదే చెప్తారు." ఆయన పైపును ఎగాదిగా చూశారు. మిగిలిన వైరు చుట్టిపెట్టడానికి భుజమెత్తులో నేను ఒక అడ్డకడ్డీ బిగిస్తాను. ఇంకెవరూ బిగించరు, అది నా స్పెషాలిటీ. దాన్ని పట్టుకుని లాగి చూశారు. "ఇది గట్టిదేనా?"

కూతురు పక్కనే ఉంది. నేను ఛాతీ విరుచుకున్నాను. "ఏనుగును కట్టెయ్యొచ్చు సార్."

ఆ మాట అనకుండా ఉంటే ఈ కథే లేదు.

*

ఆ తర్వాతి ఆదివారం సాయంత్రం ఫోన్ వచ్చింది. "బొమ్మ పోయిందండీ," అంది ఆమె. బొమ్మ పోయిన విచారం ఆ గొంతులో ఎక్కడా లేదు.

వెళ్ళి చూస్తే ఎర్ర గీత విరిగి ఉంది. పై ముక్క ఒకచోట, కింది ముక్క రెండు వేళ్ళ దూరంలో. నాకు తల కొట్టేసినట్టయింది. నా ఫిట్టింగ్ కదలడమా?

"గాలి గట్టిగా వీచిందా?"

"ఆకు కూడా కదల్లేదు."

"ఎవరైనా పైకి వచ్చారా?"

"ఎవరొస్తారు? పోయిన ఆదివారమంటే మీరొస్తారని సెలవు పెట్టాను గానీ, ఆదివారాలు మధ్యాహ్నం దాకా నేను షాపులోనే ఉంటాను. అమ్మ నర్సు, ఆవిడకీ డ్యూటీ. నాన్నమ్మ మెట్లెక్కదు." ఇంత చెప్పి, ఆకాశం వైపు చూసి, పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. "ఎలా కదిలిందో మీకే తెలియాలి."

నాకు చటుక్కున వెలిగింది. అడ్డకడ్డీ పట్టుకుని బలంగా తోస్తే పైపు తిరుగుతుంది. మధ్యాహ్నం షాపు నుంచి వచ్చి, ఎవరూ చూడకుండా పైకెక్కి, తనే తిప్పింది. ఎందుకు తిప్పింది? బొమ్మ పోవడానికి. బొమ్మ ఎందుకు పోవాలి? నేను రావడానికి!

నేల మీద కాలు ఆనలేదు నాకు.

విరిగిన గీతకి గీత కలిపితే రెండు నిమిషాల పని. మేం గంట చేశాం. ఇదా, ముందుదా, ఇదా, ముందుదే. తర్వాత బోల్టులు బిగించాను. ఒట్టేసి చెబుతున్నాను, బలమంతా పెట్టి బిగించాను. అమ్మాయి కోసం అవసరమైతే అబద్ధమైనా ఆడతాను గానీ బోల్టు లూజుగా వదలను. కొత్త గీత అవసరం లేదు. కానీ ఆమె గులాబీరంగు సీసా పట్టుకుని నిలబడ్డాక వద్దనడం మర్యాద కాదు.

మూడో ఆదివారం వంకాయరంగు. నాలుగో ఆదివారం గోధుమరంగు. ఈలోపు ఆమెకి టీలో చక్కెర తక్కువుండాలని, బస్సులో కిటికీ పక్క సీటు దొరక్కపోతే రోజంతా చిరాగ్గా ఉంటుందని, కళ్ళజోడు వద్దని ఏడ్చే పిల్లలకి ముందు తను ఒకటి పెట్టుకుని చూపిస్తుందని తెలుసుకున్నాను. నేను కరెంటు స్తంభం చూసినా పిట్టగోడ చూసినా ఇక్కడ యాంటెన్నా పెడితే ఎలా ఉంటుందా అనుకుంటానని ఆమె తెలుసుకుంది. కింద నాన్నమ్మ నా కోసం టీ నీళ్ళు ముందే పొయ్యి మీద పెట్టి ఉంచేది. ఆవిడకి నేనొస్తానని ముందే ఎలా తెలుసో నేను ఆలోచించలేదు. ప్రేమలో ఉన్నవాడు ఏదీ ఆలోచించడు.

కానీ నాలుగో ఆదివారం నాన్నగారు మెట్ల దగ్గర అటకాయించారు. చేతిలో క్యాలెండర్. నాలుగు ఆదివారాల మీదా నాలుగు ఎర్ర సున్నాలు. ఒక్కో సున్నాలో చిన్న అక్షరాలతో 'మెకానిక్ తప్పు' అని రాసి ఉంది.

"ఒకటి పెట్టిన రోజు. నువ్వు లేటొచ్చినందుకు. మిగతా మూడూ బొమ్మ పోయినందుకు," అన్నారు. "నా క్విజ్ ప్రోగ్రాం మూడువారాలుగా సగమే చూశాను. ఇంకొక్కసారి బొమ్మ పోయిందా, ఈ పైపు పీకించి డిష్ పెట్టించేస్తాను. ఇక నువ్వీ మెట్లెక్కక్కర్లేదు."

లెక్క తేలిగ్గానే ఉంది. బొమ్మ పోతే డిష్ వస్తుంది, నేను రాను. బొమ్మ పోకపోతే పిలిచే అవసరమే లేదు, అప్పుడూ నేను రాను. ఎటు తిప్పినా నా బొమ్మ పోయినట్టే.

*

బుధవారం కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాను. నా కళ్ళకేమీ లేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, ఎదురుగా నిలబడి అద్దాలు మార్చింది.

"ఇది బాగుందా, ముందుది బాగుందా?"

"రెండూ బాగున్నాయి."

"అలా చెప్పకూడదు."

"రెండింట్లోనూ మీరే ఉన్నారు. ఏం చెప్పను?"

ఆమె ఫ్రేము లాగేసింది. చెవులు ఎర్రబడ్డాయి. చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "నాన్న అన్నంత పనీ చేస్తారు. ఈ ఆట ఇక ఆపేద్దామండీ."

"నేనూ అదే చెప్దామని వచ్చాను," అన్నాను. "మీరు ఆపేస్తే చాలు."

"నేను ఆపేదేముంది, మీరు ఆపాలి గానీ."

ఇద్దరి ఆటా అనుకుని అలా అంటోందనుకున్నాను. "సరే, ఇద్దరం ఆపేద్దాం."

"ఈ ఆదివారం బొమ్మ పోకూడదు. మాట ఇవ్వండి."

"మాట. మీరు?"

"నేనెందుకు..." అని ఆగి, వింతగా చూసి, "సరే, మాట," అంది.

బయటికొచ్చాక రెండు నిమిషాలు సంతోషంగానే నడిచాను. మూడో నిమిషంలో ఆగిపోయాను. ఆమె మాట మీద నిలబడితే ఆదివారం నాకు ఫోన్ రాదు.

*

ఆదివారం ఫోన్ వచ్చేదాకా ఆగలేదు. రాని ఫోన్ కోసం ఎదురుచూడటం కంటే నేనే వెళ్ళి మనసులో ఉన్న నాలుగు ముక్కలూ ఆమెకి చెప్పేద్దామని పదకొండింటికే బయలుదేరాను. నాన్నగారికి ఎదురుపడే ధైర్యం చాలక పెరటి గేటు నుంచి వెళ్ళాను. మబ్బు పట్టి ఉంది. నాన్నమ్మ పెరట్లో కుర్చీలో కూర్చుని పేపరు చదువుతోంది.

"ఇంకా ఫోన్ చెయ్యలేదుగా బాబూ, అప్పుడే వచ్చేశావే?" అంది.

"ఒకసారి చూసిపోదామని నాన్నమ్మగారూ."

"యాంటెన్నానేగా?" అని పేపర్లోంచి తల ఎత్తకుండానే మెట్లు చూపించింది.

పైకెక్కి చూద్దును కదా, యాంటెన్నా పక్కింటి నీళ్ళ ట్యాంకు వైపు చూస్తోంది! నాలుగు రంగుల గీతలూ అడ్డంగా విరిగి ఉన్నాయి. అవి తప్ప డాబా మీద ఇంకేదీ నా కళ్ళకి ఆనలేదు. నాకు కోపం రాలేదు. సిగ్గులేకుండా చెబుతున్నాను, పట్టలేని సంతోషం వచ్చింది. మాట ఇచ్చి కూడా ఉండబట్టలేక తిప్పేసిందన్నమాట. నేను లేకుండా ఒక్క ఆదివారం గడవదన్నమాట.

తర్వాత డిష్ గుర్తొచ్చింది. జేబులోంచి స్పానర్ తీసి, నాన్నగారు చూసేలోపు సరిచేద్దామని పైపు మీద చెయ్యి వేశాను. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. మెట్ల మీద చెప్పుల చప్పుడు.

"దొరికారు!"

ఆమె గుమ్మంలో ఉంది. షాపుకి వెళ్ళలేదు. "మాట ఇచ్చి ఇదా చేసేది? మీరు దొంగతనంగా వచ్చి తిప్పుతారేమోనని సెలవు పెట్టి మరీ పొద్దుట్నుంచీ వీధి కిటికీలో కాపలా కాస్తున్నాను!"

"నేను తిప్పడమేమిటి? తిప్పేసి నన్నంటారా?"

"నేనా? నేనెందుకు తిప్పుతాను?"

"నేను... నేను రావాలని."

"మీరు లూజుగా బిగించి పోతున్నారు కదా, మళ్ళీ రావచ్చని!"

"నేనా? లూజుగానా?" ప్రేమ సంగతి తర్వాత, ముందు నా వృత్తికి అవమానం జరిగింది. "కావాలంటే బోల్టు చూడండి! రండి, చూడండి!"

ఆమె విసవిసా వచ్చింది. రెండడుగులు వేసి ఏదో తగిలి ఆగింది. తాడు. ఇద్దరం ఆ తాడు వెంట చూశాం. అటు కొస గోడకున్న కొక్కేనికి ఉంది. ఇటు కొస నా అడ్డకడ్డీకి, మూడు ముళ్ళతో. మధ్యలో తడి ఉన్ని దుప్పటి, ఇద్దరు మనుషుల బరువుతో, నేలకి జానెడు ఎత్తులో వేలాడుతోంది. గాలి కొట్టినప్పుడల్లా దుప్పటి ఊగుతోంది, కడ్డీ లాగుతోంది, పైపు కిర్రుమని ఇంకాస్త తిరుగుతోంది.

"నాన్న దుప్పటి," అంది నెమ్మదిగా. "ఆదివారం ఉతుకుడు నాన్నది. ఆరగానే మడతపెట్టి, తాడు చుట్టి లోపల మేకుకి తగిలించేస్తారు. ఏ వస్తువూ బయట వదలరు."

అందుకే సాయంత్రం నేనొచ్చేసరికి డాబా మీద ఆధారం ఉండేది కాదు.

చినుకులు పెద్దవయ్యాయి.

"అంటే," అన్నాను, "మీరు ఒక్కసారి కూడా తిప్పలేదా?"

"లేదు. మీరు ఒక్కసారి కూడా లూజుగా వదల్లేదా?"

"లేదు."

ఆమె మొహం చూస్తే ఏడుస్తుందేమో అనిపించింది. నా మొహం అంతకంటే బాగుందని నేననుకోను. ఒక నెల సంతోషమంతా ఒక దుప్పటి పెట్టిన భిక్ష అని తేలితే ఎలా ఉంటుంది?

"నేనేదో ఊహించుకున్నాను," అంది తల వంచుకుని. "నా కోసమే లూజుగా వదులుతున్నారని... మీ పనంటే మీకంత గొప్ప కదా, దాన్ని కూడా పాడుచేసుకుంటున్నారని, ఎంతో..."

ఇక ఆగలేదు నేను. "పని పాడు చెయ్యలేదండీ. అది నా చేత కాదు. కానీ ప్రతి ఆదివారం పొద్దున్నుంచీ బొమ్మ పోవాలని దేవుడికి దణ్ణం పెట్టుకునేవాణ్ణి. సొంత ఫిట్టింగ్ పాడవ్వాలని మొక్కుకున్న మెకానిక్ ఈ లోకంలో నేనొక్కణ్ణే. మీరంటే నాకంత ఇష్టం. దుప్పటి సంగతి నాకు తెలీదు, నా సంగతి మాత్రం ఇది."

ఆమె తలెత్తింది. జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది.

"నేను తిప్పలేదు," అంది. "తిప్పాలని మాత్రం రెండుసార్లు పైకి వచ్చాను. వచ్చేసరికే తిరిగి ఉంది."

"అయ్యో దుప్పటి!" అన్న కేక వినిపించింది. నాన్నగారు గొడుగుతో పైకి పరిగెత్తుకొచ్చి, నన్ను చూసి, కూతుర్ని చూసి, తిరిగిపోయిన యాంటెన్నాను చూసి, చివరికి తన చేత్తో వేసిన మూడు ముళ్ళనూ చూశారు. డిపోలో ఎందరి తప్పులో రాసిన మనిషి. ఆయన మొహంలో రంగులు మారడం మా నాలుగు గీతలకంటే వింతగా ఉంది.

"ఏనుగును కట్టెయ్యొచ్చన్నావుగా," అన్నారు చివరికి. "నేను కట్టింది దుప్పటేగా."

"అన్నాను సార్. కోతలు కోశాను. తప్పు నాదే."

"సగం నీది. సగం నాది." గొడుగు దుప్పటికి పట్టాలో కూతురికి పట్టాలో తేల్చుకోలేక, ఎవరికీ పట్టకుండా తడుస్తూ నిలబడ్డారు. "క్యాలెండర్లో మూడు సున్నాలు కొట్టేస్తాను. మొదటిది ఉంచుతాను. ఆ రోజు నువ్వు నిజంగానే లేటు."

కింద నుంచి నాన్నమ్మ గొంతు. "తాడు కనబడిందా చివరికి?"

నాన్నగారు పిట్టగోడ మీంచి వంగారు. "నీకు తెలుసా అమ్మా?"

"మొదటి వారమే తెలుసు. పెరట్లో కూర్చున్నదానికి నీ దుప్పటి కనబడదా?"

"మరి చెప్పలేదేం?"

"చెప్తే ఆ అబ్బాయి వచ్చేవాడా? ఆదివారం మధ్యాహ్నమయ్యేసరికి పిల్ల తల దువ్వుకునేది రెండుసార్లు. నీ క్విజ్ ప్రోగ్రాం ముఖ్యమా, అది ముఖ్యమా?"

నాన్నగారు వెనక్కి తిరిగారు. కూతురి తలవైపు చూశారు. తడిసినా చక్కగానే దువ్వి ఉంది. నావైపు చూశారు. నేను పైపును వదిలి, ఎందుకో మళ్ళీ పట్టుకున్నాను.

"బట్టల తాడుకి విడిగా ఒక స్తంభం కావాలి," అన్నారు. "వచ్చే ఆదివారం వచ్చి పెట్టు. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరు?"

"మా అమ్మ సార్."

"ఆవిణ్ణి కూడా తీసుకురా. ఈ పిల్ల తల్లికి సెలవు పెట్టమని నేను చెప్తాను. పదింటికి. పదింటికంటే పదింటికి." గొడుగు నా చేతికిచ్చి, తడి దుప్పటిని భుజాన వేసుకుని దిగిపోయారు. రెండు మెట్లు దిగి ఆగి, "ముందు ఇది సరిచెయ్యి. నాలుగింటికి క్విజ్ ఉంది," అన్నారు.

ఆమె గొడుగు పట్టుకుంది. నేను పైపు తిప్పాను. నాలుగు గీతలూ ఒక్కసారే కలిశాయి. కింద టీవీలో ఎవరో పాడుతున్నారు, ప్రతి మాటా డాబా మీదకి వినిపిస్తోంది.

"నాన్నమ్మా, బొమ్మ వచ్చిందా?" అని ఆమె కేకేసింది.

"రాలేదే! ఇంకా తిప్పండి!"

"అదేమిటమ్మా, అద్దంలా కనబడుతుంటే!" అన్నారు నాన్నగారు.

"నీ కళ్ళజోడు పాతబడిందిరా. నువ్వూరుకో."

మేం తిప్పలేదు. బోల్టు బిగించి స్పానర్ జేబులో పెట్టుకున్నాను. వాన జోరందుకుంది. గొడుగు చిన్నది కావడంతో ఆమె కాస్త దగ్గరికి జరిగింది, నేను కూడా జరిగాను. ఆమె భుజం నా భుజానికి తగిలింది.

"ఇదా, ముందుదా?" అని అడిగాను.

"ఇదే," అంది. "కదలకండి."